తొందర లేని దర్జా

1977 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మెర్సిడెస్ బెంజ్ ఒక స్టేషన్ వ్యాగన్‌ను జనం ముందు పెట్టింది. కంపెనీ స్వయంగా రూపొందించి, తన ఫ్యాక్టరీలోనే తయారు చేయబోయే తొలి వ్యాగన్ అది. అంతకుముందు మెర్సిడెస్ వ్యాగన్లు లేవని కాదు. బెల్జియంలో ఇమా, జర్మనీలో బింజ్ లాంటి బాడీ బిల్డింగ్ సంస్థలు కంపెనీ దగ్గర బండి తీసుకుని, వెనక భాగం మార్చి అమ్మేవి. ఆ తరహా బండ్లు ఎక్కువగా అంబులెన్సులుగానో, శవవాహనాలుగానో, పనిముట్లు మోసే చేతివృత్తుల వాళ్ల బండ్లుగానో తిరిగేవి. డబ్బున్న జర్మన్ ఇంటి ముందు నిలవాల్సింది డిక్కీ విడిగా ఉన్న సెడాన్. డీజిల్ పరిస్థితీ దాదాపు అంతే. అది టాక్సీవాడి ఇంజిన్, పల్లెటూరి రైతు ఇంజిన్. ఈ రెండు నామోషీలనూ ఒకే బండిలో కలిపి, దానికి 300 టీడీ అని పేరు పెట్టి, అదే ఇంజిన్ ఉన్న సెడాన్ కంటే ఎక్కువ ధర కట్టింది కంపెనీ. చాలామంది ఆ బండిని రెండు రాజీల మొత్తంగా చూశారు: ఎక్కువ సామాను పట్టాలని అందాన్ని, ఖర్చు తగ్గాలని వేగాన్ని వదులుకున్న కారు అని. నేను చెప్పదలచుకున్నది దానికి సరిగ్గా ఎదురు. ఆ రోజుల్లో డీజిల్ ఇంజిన్ స్వభావానికి నిజంగా సరిపోయిన ఒడ్డూ పొడుగూ వ్యాగన్‌దే. సెడాన్‌లో సర్దుకుపోయినట్టు కనిపించే ఇంజిన్, వ్యాగన్‌లో తన చోటు తనకు దొరికినట్టు పనిచేసింది.

ముందు ఇంజిన్ సంగతి. రుడాల్ఫ్ డీజిల్ ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజిన్‌ను విజయవంతంగా నడిపి చూపింది 1897లో. ఆ సూత్రం కారు బానెట్ కిందికి చేరి అమ్మకానికి రావడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో బెర్లిన్ షోలో మెర్సిడెస్ 260 డీ కనిపించింది, 45 హార్స్‌పవర్‌తో. ఇంత ఆలస్యం కావడానికి మూలం డీజిల్ మండే తీరులోనే ఉంది. స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని విపరీతంగా నొక్కి వేడెక్కించి, అందులోకి ఇంధనం చిమ్మితే అదే అంటుకుంటుంది. చిన్న ఇంజిన్‌లో ఈ మంట ఒక్కసారిగా లేస్తే దడదడలాడుతుంది, ఇంజిన్ భాగాలకు దెబ్బ. బెంజ్ కంపెనీ ఇంజినీరు ప్రాస్పర్ లోరాంజ్ 1909లో దీనికో ఉపాయం పట్టాడు. ఇంధనాన్ని సిలిండర్‌లోకి నేరుగా కాకుండా పక్కనే ఉన్న ఒక చిన్న గదిలోకి చిమ్మడం. మంట ముందు అక్కడ మొదలై, సన్నటి రంధ్రాల గుండా సిలిండర్‌లోకి దూసుకొస్తుంది. దెబ్బ మెత్తబడుతుంది. మూల్యం లేకపోలేదు: ఆ గది గోడలకు కొంత వేడి వృథాగా పోతుంది, చలికి ఇంజిన్ లేవాలంటే గ్లో ప్లగ్‌తో ముందుగా గదిని వేడెక్కించాలి. తాళం తిప్పి, డాష్‌బోర్డు మీద దీపం ఆరేదాకా ఓపిక పట్టడం పాత డీజిల్ కార్లు నడిపిన వాళ్లందరికీ తెలిసిన తంతు. మెర్సిడెస్ కార్లు ఈ పద్ధతిని 1990ల దాకా వదల్లేదు.

300 టీడీలోని మూడు లీటర్ల ఇంజిన్ 1974లో సెడాన్‌లో వచ్చింది. అయిదు సిలిండర్ల కారు ఇంజిన్‌ను అమ్మకానికి తెచ్చిన తొలి కంపెనీ మెర్సిడెస్సే. నాలుగు సిలిండర్లతో బలం చాలలేదు, ఆరు పెడితే పొడుగూ బరువూ పెరుగుతాయి. అయిదు అనేది మధ్యేమార్గం. పోర్షె నుంచి బయటికొచ్చి కొన్నాళ్లు సొంతంగా పనిచేసిన ఫెర్డినాండ్ పియెష్ ఈ అయిదు సిలిండర్ల డీజిల్ రూపకల్పనలో పాలు పంచుకుని, ఆ తర్వాత అదే ఆలోచనను పెట్రోల్ రూపంలో ఆడీకి పట్టుకెళ్లాడు. అసలు విషయానికొస్తే, ఈ ఇంజిన్ ఇచ్చింది 80 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్ల టార్క్. మొదటి అంకె చూస్తే నీరసం వస్తుంది. రెండోది ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుండగానే అందుతుంది, వ్యాగన్‌కు కావాల్సింది అదే. బరువు ఎక్కినప్పుడు పెట్రోల్ ఇంజిన్‌ను గేరు దించి కేకలు పెట్టించాలి. ఈ డీజిల్‌లో కాలు కాస్త కిందికి నొక్కితే సరిపోతుంది, రొద పెద్దగా మారదు.

ఇంతకంటే ముఖ్యమైనది కంటికి కనిపించదు. పెట్రోల్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒక కవాటం అడ్డుకుని కొలిచి పంపుతుంది. తక్కువ శక్తి కావాల్సినప్పుడు ఆ కవాటం దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి, ఇంజిన్ గాలి పీల్చుకోవడానికే కష్టపడుతూ ఇంధనం తగలేస్తుంది. డీజిల్‌కు ఆ కవాటమే అక్కర్లేదు. గాలి ఎప్పుడూ నిండుగానే వెళ్తుంది, చిమ్మే ఇంధనాన్ని మాత్రం తగ్గిస్తారు, పెంచుతారు. ఇప్పుడు వ్యాగన్ బతుకు ఎలాంటిదో ఆలోచించండి. సెలవులకు ఇంటిల్లిపాదినీ, సామానునూ మోసే ఆ కొద్ది రోజులు తప్ప, మిగతా కాలమంతా అది ఖాళీ చోటునే మోసుకుంటూ తిరుగుతుంది. పెద్ద బరువు కోసం కొన్న బలాన్ని చాలా రోజులు వాడుకోకుండా ఉంచే బండి. అలా వాడని బలానికి అతి తక్కువ జరిమానా కట్టే ఇంజిన్ డీజిల్. అయితే కవాటం లేకపోవడం వల్ల ఇంకో చిక్కు వచ్చింది. బ్రేకుల బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్ పెట్రోల్ ఇంజిన్‌లో దానంతటదే పుడుతుంది, ఇక్కడ పుట్టదు. అందుకని ఒక వాక్యూమ్ పంపు పెట్టారు. పంపు ఎలాగూ ఉంది కదా అని తలుపుల తాళాలనూ, ఇంజిన్‌ను ఆపే ఏర్పాటునూ దానికే కట్టారు. ఫలితంగా, ఏ తలుపులోనో ఒక రబ్బరు పొర చిరిగితే తాళంచెవి బయటికి తీసినా ఇంజిన్ ఆగని పరిస్థితి వచ్చేది! అలాంటప్పుడు ఆపడానికి బానెట్ కింద విడిగా ఒక మీట ఉంటుంది.

సామాను ఎక్కితే వెనక భాగం కుంగి, హెడ్‌లైట్లు ఆకాశం చూడటం వ్యాగన్లకు పుట్టుకతో వచ్చే జబ్బు. స్ప్రింగులు గట్టివి వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు కుదుపులు. మెర్సిడెస్ ఈ శ్రేణి వ్యాగన్లన్నిటికీ వెనక చక్రాల దగ్గర హైడ్రాలిక్ వ్యవస్థను మామూలు అమరికగానే ఇచ్చింది, అదనపు డబ్బు తీసుకోకుండా. బరువు పడి బండి కుంగగానే ఒక కవాటం తెరుచుకుంటుంది, ఇంజిన్‌తో నడిచే పంపు నూనెను లోపలికి తోస్తుంది, బండి మళ్లీ తన ఎత్తుకు వస్తుంది. కుదుపులను నైట్రోజన్ నింపిన గోళాలు మింగుతాయి. ఏళ్లు గడిచి ఆ గోళాల్లో వాయువు తగ్గితే మాత్రం వెనక సీటు వాళ్ల నడుములకు తెలిసొస్తుంది. బాగున్నంత కాలం ఈ బండిది ఒకటే నడక. నిండినా ఖాళీ అయినా అదే ఎత్తు, అదే నిదానపు స్టీరింగ్, గతుకుల మీద అదే బరువైన తూగు. దారి మీద కారు తన తీరు మార్చుకోదన్న భరోసాయే ఇక్కడ దర్జా, తోలు సీట్లు కాదు.

నిదానం అన్నాను కాబట్టి మొదటి అభ్యంతరానికి రావాలి. టర్బో లేని 300 టీడీ నిజంగానే మందకొడి. ఒంటి లైను రోడ్డు మీద లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి. అదే బాడీలో వచ్చిన పెట్రోల్ 280 టీఈ 185 హార్స్‌పవర్‌తో గంటకు 200 కి.మీ. అందుకునేది. ఎవరికైనా వేగమే కొలమానమైతే ఈ వాదన అక్కడే ఓడిపోతుంది. కానీ కొన్నవాళ్ల లెక్క వేరుగా ఉంది: 1986 ప్రారంభం దాకా బ్రెమెన్‌లో తయారైన ఈ శ్రేణి వ్యాగన్లు దాదాపు 2 లక్షలు, వాటిలో సగానికి పైగా డీజిల్‌వే. కంపెనీ కూడా మందకొడితనాన్ని గుణంగా చూసి వదిలేయలేదు. 1976లో ఇటలీలోని నార్డో ట్రాక్ మీద ఇదే అయిదు సిలిండర్ల ఇంజిన్‌కు టర్బో తగిలించి, సీ-111 అనే ప్రయోగాత్మక కారులో సగటున గంటకు 252 కి.మీ. వేగంతో రికార్డులు కొట్టింది. రెండేళ్ల తర్వాత ఆ సగటు 300 దాటింది. ఆ టర్బో 300 టీడీలోకి వచ్చేటప్పటికి 125 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. మంట వేడికి తట్టుకునేలా పిస్టన్ల అడుగున నూనె చిమ్మే ఏర్పాటు చేశారు. నా వాదనకు బలమైన సాక్ష్యం ఇక్కడే ఉంది. 1980లో యూరప్ కొనుగోలుదారులకు మెర్సిడెస్ తన తొలి టర్బో డీజిల్‌ను ఏ బండిలో ఇచ్చింది? సెడాన్‌లో కాదు, వ్యాగన్‌లో. ఆ శ్రేణి సెడాన్‌కు యూరప్‌లో ఆ ఇంజిన్ ఇవ్వనే లేదు. వంద కి.మీ. వేగం అందుకోవడానికి 15 సెకన్లు పట్టేది, గరిష్ఠం 165. ఈనాటి చిన్న కార్లు కూడా నవ్వుతాయి గానీ, నిండు బరువుతో రోజంతా ఆ వేగానికి దగ్గరగా పోగల బండ్లు అప్పట్లో ఎన్నో లేవు.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఇదంతా ఇంజినీరింగ్ మహిమ కాదు, చట్టాల పుణ్యం అని. అందులో నిజముంది. చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1975లో చట్టం చేసి, 1978 మోడళ్ల నుంచి ప్రతి కంపెనీ అమ్మే కార్లకూ సగటు మైలేజీ నిబంధన పెట్టింది. పెద్ద పెట్రోల్ సెడాన్లు అమ్ముకోవాలంటే ఆ సగటును ఎత్తి నిలబెట్టే డీజిళ్లు మెర్సిడెస్‌కు అవసరమయ్యాయి. అమెరికాలో ఈ వ్యాగన్‌ను డీజిల్‌తో తప్ప అమ్మలేదు. అయితే చట్టం అందరికీ ఒకటే కదా. జనరల్ మోటార్స్ కూడా అదే ఒత్తిడిలో 1978 మోడళ్లలో ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల డీజిల్ తెచ్చింది. పెట్రోల్ ఇంజిన్ కొలతల చట్రంలోనే దాన్ని దింపడంతో సిలిండర్ హెడ్ బోల్టులు ఆ ఒత్తిడికి తాళలేక సాగిపోయాయి, ఇంధనంలో నీటిని వేరుచేసే ఏర్పాటు లేక ఇంజెక్షన్ పంపులు పాడయ్యాయి. 1985కల్లా ఆ ఇంజిన్ కనుమరుగై, పోతూ పోతూ అమెరికన్లకు డీజిల్ మీదే విరక్తి కలిగించింది. చట్టం తలుపు తీసిందే గానీ, లోపలికి వచ్చినవాళ్లు నిలిచారా పడ్డారా అన్నది చట్టం తేల్చలేదు.

పొగ మాటేమిటని అడిగేవాళ్లకు నా దగ్గర సమర్థన లేదు. కాలు గట్టిగా నొక్కితే వెనక నల్లటి తెర లేచేది. ఆ బండ్లకు ఫిల్టర్ల ఊసే లేదు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంజిన్ బండికి సరిపోయిందా అన్నది ఒక ప్రశ్న, ఊరికి సరిపోయిందా అన్నది మరొకటి. మొదటిదానికి అవునంటున్నాను గనక రెండోదానికీ అవునన్నట్టు కాదు.

మన దగ్గర ఈ బెంజ్ డీజిళ్ల వంశానికి లారీల రూపంలో పాత పరిచయం ఉంది; టాటాల కంపెనీ టెల్కో 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి తయారు చేసిన డీజిల్ లారీలు తెలుగు రోడ్ల మీదా తిరిగాయి. అదే టెల్కో 1992లో టాటా ఎస్టేట్ అనే డీజిల్ వ్యాగన్ తెచ్చింది. చూపులకు బెంజ్ వ్యాగన్ పోలికలున్నా జనం దాన్ని హోదా బండిగా ఒప్పుకోలేదు. ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుపతి వెళ్లే డీజిల్ బండి అనే స్థానం తర్వాత క్వాలిస్‌కు, ఆపైన ఇన్నోవాకు దక్కింది.

జర్మనీలో మాత్రం కథ వేగంగా మారిపోయింది. 1989లో ఆడీ 100లో వచ్చిన టీడీఐ ఇంజిన్ చిన్న గదిని తీసేసి ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మింది. 1997లో ఇంధనాన్ని ఎక్కువ ఒత్తిడితో చిమ్మే కామన్ రైల్ పద్ధతి రావడంతో డీజిల్ వ్యాగన్లు పెట్రోల్ కార్లతో పరుగు పందేనికి దిగాయి. 2008 నుంచి అక్కడి నగరాలు పర్యావరణ మండలాలు గీసి, పొగ ఎక్కువ వదిలే డీజిళ్లను దశలవారీగా బయట నిలబెడుతున్నాయి. 30 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకు ఇచ్చే చారిత్రక వాహనాల నంబరు ప్లేటు ఉంటే ఆ నిబంధన వర్తించదు. ఆ లెక్కన, నల్లగా పొగ వదిలే 1980 నాటి 300 టీడీ దర్జాగా ఊళ్లోకి వెళ్లిపోతుంది. దానికంటే ఎంతో శుభ్రమైనదైనా, ఫిల్టరు లేని 2000 నాటి డీజిల్ వ్యాగన్ మండలం బోర్డు దగ్గరే ఆగిపోవాలి.