పట్టము నుండి పరిశోధనకు : ట్రాంబే శిక్షణాలయ వృత్తాంతము

మహారాష్ట్రమున మన తెలుగువారి చరిత్ర చేతిపనితో మొదలైనది. కట్టడపు పనులకై తెలంగాణము నుండి బొంబాయి చేరిన కామాఠీల పేరు నేటికిని కామాఠీపురమున నిలిచియున్నది. షోలాపురమునను, భివండిలోను మగ్గములు నెలకొల్పిన పద్మశాలి కుటుంబముల కథ మనకు తెలిసినదే. ఆ యిండ్లలో బాలుడు పనిని పుస్తకమున చదువలేదు. తండ్రి ప్రక్కన కూర్చుండి, తెగిన పోగు నతుకుచు నేర్చినాడు. ఉన్నత విజ్ఞానమునకు సైతము ఇట్టి మార్గమే కావలసివచ్చిన ఘట్టమొకటి ఈ నగరపు తూర్పు అంచున జరిగినది. దానిని మన పిల్లల కొరకు ఇచ్చట స్మరింపదలచితిమి.

1944 మార్చిలో హోమీ భాభా గారు దొరాబ్జీ టాటా ధర్మనిధికి ఒక లేఖ వ్రాసిరి. అణువు నుండి విద్యుత్తు లభించు దినము వచ్చునప్పటికి మన దేశము నిపుణులకై పరదేశముల వంక చూడరాదనుట దాని సారము. 1945లో టాటా ప్రాథమిక పరిశోధన సంస్థయు, 1954లో ట్రాంబేయందు అణుశక్తి సంస్థయు వెలసినవి. 1956 ఆగస్టు 4వ తేదీన అప్సర యను రియాక్టరు పనిచేయ నారంభించెను. ఇంధనము బ్రిటను నుండి వచ్చినను, రియాక్టరును అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ పరికరములు ఇచ్చటనే తయారైనవి. వాని నిర్మాణమునకు నాయకులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారు.

యంత్రము సిద్ధమైనది, దానిని నడుపు మనుష్యు లెక్కడ? నాటి విశ్వవిద్యాలయములలో భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, ఇంజనీరింగు వేర్వేరు శాఖలుగా బోధింపబడుచుండెను. రియాక్టరు వద్ద ఇవన్నియు ఒకేచోట కలియును. అంతేగాక, పరీక్షకై విద్యార్థి చేయు ప్రయోగమునకు జవాబు ముందే పుస్తకమున నుండును. పరిశోధనాలయమున జవాబు ఎవరికిని తెలియదు. పట్టమునకును పనికిని నడుమ నున్న అగాధ మిదియే.

దానిపై వంతెనగా 1957లో ట్రాంబే శిక్షణాలయము స్థాపింపబడెను. దాని నిర్మాణ భారమును రాజా రామన్న గారు వహించిరి. విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు పట్టభద్రులను ఎంపికచేసి, భృతి నొసగి, వసతి కల్పించి ఒక సంవత్సరము శిక్షణ నిచ్చిరి. భౌతికశాస్త్రజ్ఞుడు కొంత ఇంజనీరింగును, ఇంజనీరు కొంత అణుభౌతికమును నేర్వవలసినదే. బోధించువారు కేవల ఉపాధ్యాయులు కారు. ప్రయోగశాలలలో పనిచేయు శాస్త్రజ్ఞులే. శిక్షణ ముగించి ఉత్తీర్ణుడైనవాడు వారి చెంతనే పనిలో చేరును. కనుక గురువునకు శిష్యుని లోటుపాట్లు ముందే తెలియును. శిష్యునకు గురువు తప్పు దిద్దుకొను రీతి కండ్లయెదుట కానవచ్చును. మగ్గపు ప్రక్కన కూర్చున్న బాలునికిని ఇతనికిని భేద మేమున్నది?

ఈ పద్ధతి ఫలించినది. ఆ శిక్షణాలయమున చదివి 1964లో సంస్థలో చేరిన అనిల్ కాకోడ్కర్ గారు తరువాత అణుశక్తి సంఘమునకే అధ్యక్షులైరి. 1966 జనవరిలో భాభా గారు విమాన ప్రమాదమున గతించిరి. మరుసటి సంవత్సరము సంస్థకు ఆయన పేరే పెట్టబడెను. ఆ 1967లోనే హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది. ట్రాంబేలో పెరిగిన ఎలక్ట్రానిక్స్ విద్యను సాంబశివరావు గారు అట్లు తెలుగుగడ్డకు చేర్చిరి. 2005లో హోమీ భాభా జాతీయ సంస్థ ఏర్పడుటతో శిక్షణాలయపు చదువునకు విశ్వవిద్యాలయ ప్రతిపత్తియు లభించినది.

ఈ చరిత్ర మనకేల? మన యిండ్లలో పట్టము చేతికి రాగానే చదువు ముగిసినదని పండుగ చేయుదుము. ఆ తరువాత పిల్లవాడు ప్రయోగశాల ద్వారమున నిలిచి తడబడినచో, వాని తెలివి చాలలేదని నిట్టూర్తుము. చాలనిది తెలివి కాదు, సాధన. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, తరగతిలో ఇంగ్లీషు మాటాడు మన బిడ్డకు, తెలియనిదానిని తెలియదని చెప్పి అడుగు ధైర్యము మరింత కష్టముగా అలవడును. దినదినము చేసిన పనిని, విఫలమైనదానిని సైతము, దాచక వ్రాసియుంచుట ఎవరో ఒకరు ప్రక్కన కూర్చుండి నేర్పవలయును. పరిశోధనాలయములలో పనిచేసి విరమించిన పెద్దలు మన సంఘములలో ఉన్నచో, నెలకొక ఆదివారము ఈ బిడ్డలకై కేటాయించుట పెద్ద భారము కాదు.

దిగినగాని లోతు తెలియదందురు. దిగువానికి మొదట చేయి అందించువారు కావలయును. ఆ చేయి మనదే కావలెనని మా ప్రార్థన.