నీళ్ళు మోసిన తోలుసంచి



చేత్తో తోలుసంచి కుట్టడం నేర్చుకోవాలని మీలో ఎవరికైనా సరదా ఉందా? ఉంటే ముందుగా అరచేయంత తోలుముక్కలు రెండు తీసుకుని కుట్టి చూడండి. అంచుకు నాలుగు మిల్లీమీటర్ల లోపలగా గీత గీసుకోవాలి. ఆ గీత వెంట సమాన దూరంలో ఆరెతో రంధ్రాలు పొడవాలి. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోకి అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి పోనివ్వాలి. ఇలా కుడితే ఒకచోట దారం తెగినా తక్కిన కుట్టు ఊడిరాదు. మొదటిసారి కుట్టేవారికి రంధ్రాలు వంకర పోతాయి. ఒక కుట్టు బిగుసుకుంటుంది, పక్కది వదులవుతుంది. పుస్తకాలు పెట్టుకునే సంచికి అది పెద్ద తప్పేమీ కాదు. కానీ ఆ సంచి నూరు లీటర్లకు పైగా నీళ్ళు మొయ్యాలంటే? పొద్దస్తమానం బావిలో మునిగి తేలాలంటే? అలాంటి తోలుసంచి ఒకప్పుడు మన పొలాల్లో ఉండేది.

మనం దాన్ని కపిల అన్నాం, మోట అన్నాం. కన్నడిగులు కపిలె అన్నారు, తమిళులు కవలై అన్నారు, మరాఠీవారు మోట్ అన్నారు. భాషలు మారినా పనితీరు ఒకటే. సంచి అడుగున ఏనుగు తొండంలాంటి తోలుగొట్టం ఉంటుంది. సంచి మూతికి లావుపాటి మోకు, తొండం కొసకు సన్నని తాడు. రెండు తాళ్ళనూ ఎద్దులే లాగుతాయి. అవి వాలుదారిలో దిగుతూ ఉంటే, తొండం పైకి మడిచిపెట్టుకుని సంచి బావిలోంచి లేస్తుంది. గట్టుమీదికి రాగానే తొండం తొట్టిలోకి వాలి, నీళ్ళు గుమ్మరిస్తుంది. మనిషి చెయ్యి వెయ్యనక్కరలేదు.

ఇంత ఉపాయమూ తోలుమీద ఆధారపడింది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీసేవారు. లోపలి కండను గీకి, కడిగి, తంగేడు చెక్క ఊరిన నీళ్ళతో లందలో ఊరబెట్టేవారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, వేలాడదీసి, అందులో చెక్కనీళ్ళు పోసేవారు. నీళ్ళు తోలుగుండా మెల్లగా ఊరి కిందికి కారేవి. కారినవాటిని మళ్ళీ పైనుంచి పోసేవారు. బతుకమ్మలో మనం పేర్చుకునే తంగేడు పువ్వు ఈ చెట్టుదే. పువ్వు పండుగకు వెళ్ళింది, చెక్క లందకు వెళ్ళింది.

ఇక ఆ పని చేసిందెవరు? తెలుగునాట మాదిగలు. కోయంబత్తూరు, ఈరోడు, సేలం ప్రాంతాల కొంగునాట, తమిళుల మధ్య తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బతికిన అరుంధతీయులు. కొంగునాట సేద్యం చాలామటుకు బావులమీదే నడిచేది. కపిల తోలు చినిగితే ఆ పూట మడి ఎండినట్టే. అందుకే ప్రతి రైతుకూ సంచి కుట్టి, మరమ్మతు చేసే కుటుంబం ఒకటి ఉండేది. కూలి కళ్ళంలో ధాన్యంగా ముట్టేది. తెలుగునాట దాన్నే మేర అన్నాం.

శ్రోతలారా, ఒక్క సంగతి ఆలోచించండి. ఆ సంచి బావిలో దిగవచ్చు. దాన్ని కుట్టిన చెయ్యి మాత్రం ఊరి మంచినీళ్ళ బావిలో చేద వెయ్యకూడదు. ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి. తోలు అంటని నీళ్ళకు మనిషి అంటుతాడట! ఇది ఏ ఒక్క భాషవారి తప్పో కాదు. ఇందాక చెప్పిన నాలుగు భాషల ఊళ్ళలోనూ ఉన్నదే.

ఈ పనిమీద ప్రభుత్వం కన్ను పడకపోలేదు. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు 1904లో మద్రాసు రాజధానిలోని తోలుపనిమీద పుస్తకం రాశారు. క్రోమియం లవణాలతో ఊరబెట్టిన తోలు నీళ్ళలో ఎక్కువకాలం మన్నుతుందని, కపిల సంచులకు దాన్ని వాడి చూశారు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. తోలు శాస్త్రమైంది. ఆ శాస్త్రాన్ని చేతుల్లో దాచుకున్నవారు మాత్రం అంటరానివారుగానే మిగిలారు.

నీళ్ళ హక్కు దయవల్ల రాలేదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా చెప్పింది. అలా చెప్పవలసి వచ్చిందంటేనే మన బావుల కథ ఏమిటో తెలుస్తుంది.

ఈలోగా కపిల పని తగ్గుతూ వచ్చింది. 1930లలో నీలగిరుల పైకారా నుంచి కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత మోటారు పంపులు ఊరూరా వ్యాపించాయి. రైతుకు ఎద్దుల శ్రమ తప్పింది. తోలుపనివారికి కట్టుబానిసత్వమూ వదిలింది, గింజలూ పోయాయి. చాలామంది పొలం కూలికి, పట్నాల్లో పారిశుద్ధ్యపు పనికి వెళ్ళారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల కోటాలో మూడు శాతం ప్రత్యేకించింది. కపిల సంచి కుట్టిన తాతల మనుమలకు కాలేజీ గుమ్మం కొంత దగ్గరయింది.

మళ్ళీ మన చిన్నసంచి దగ్గరికి వద్దాం. మీ చేతిలో కుట్టు వంకర పోయినప్పుడు, నీళ్ళు కారకుండా కుట్టిన ఆ చేతులను తలుచుకోండి. మీ ఊళ్ళో కపిల చూసిన పెద్దలు ఎవరైనా ఉంటే, మోకునూ తొండాన్నీ వాళ్ళు ఏమనేవారో అడిగి రాసుకోండి. అడిగేటప్పుడు తోలినవారిని ఒక్కరినే అడగకండి. కుట్టినవారి ఇంటికీ వెళ్ళండి. వాళ్ళు మంచినీళ్ళిస్తే తాగి రండి.

సెలవు.