చరిత్ర బోధనకు నాలుగు ప్రమాణములు



ముప్పదియేండ్లకు పైగా నేను నిజామాబాదు జిల్లా బడులలో పిల్లలకు చరిత్రమును, సాంఘికశాస్త్రమును బోధించితిని. ఆ పనిలో నేను నేర్చుకొన్న సంగతులు కొన్ని నేడు మీకు మనవి చేసికొందును. ముందుగా నా తప్పు చెప్పుకొనుట న్యాయము.

ఉద్యోగములో చేరిన తొలి దినములలో ఒక బాలుని నిలువబెట్టి, ప్లాసీ యుద్ధమెప్పుడు జరిగెనని అడిగితిని. తడుముకొనక "1757" అనెను. సంతోషించి, "మీ పొలమునకు నీరెక్కడనుండి వచ్చునురా?" అంటిని. "తూములోనుండి" అనెను. "తూములోనికి?" "కాలువలోనుండి." "కాలువలోనికి?" బాలుడు తలవంచుకొనెను. తరగతిలో ఒక్కరును చెప్పలేకపోయిరి. వారందరును నిజాంసాగరు నీటితో పండిన అన్నము తిని బడికి వచ్చినవారే. వంగదేశపు యుద్ధము తెలిసియు తమ కంచములోని మెతుకు కథ తెలియకుండుట వారి దోషము కాదు, నాది.

చిన్ననాడు గురువుగారి యొద్ద అన్నంభట్టుగారి తర్కసంగ్రహము చదివియుంటిని. యథార్థ జ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు అందు చెప్పబడినవి. కంఠస్థము చేసి పదునైదేండ్లు మోసిన ఆ శాస్త్రము బడిలో ఏల పనికిరాదని ఆ రాత్రి తోచెను. అప్పటినుండి ఈ నాలుగింటిని పట్టుకొనియే చరిత్ర చెప్పితిని.

మొదటిది ప్రత్యక్షము, అనగా కన్నులార చూచుట. ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని పంటబోదె మొదలుకొని ప్రధాన కాలువదాక నడిచితిని. మరికొన్ని దినములకు నిజాంసాగరు గట్టుపై నిలిపి మంజీరను చూపితిని. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనలో, నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు ఆధ్వర్యమున 1923లో ఆరంభమైన ఈ కట్టడము 1931లో ముగిసెను. ఈ మాటలు తరగతిలో చెప్పియుండిన మరునాటికి మరచియుందురు. గట్టుమీద విన్నవారు మరువలేదు. అక్కడ ఒక బాలిక, "అయ్యవారూ, ఈ నీటి అడుగున ఏమున్నది?" అని అడిగెను. ఊళ్లున్నవంటిని. ఇండ్లు, పొలములు, గుడులు విడిచి లేచిపోయినవారి ఊళ్లు. ఆ మాటకు పిల్లలందరును కొంతసేపు మాటలాడలేదు. ఒక ఊరి పంటకు మరియొక ఊరు ముంపు కావలసివచ్చినదని వారికి నేను వేరుగ వివరింపనక్కరలేకపోయెను.

రెండవది అనుమానము. కనబడుదానినిబట్టి కనబడనిదానిని ఊహించుట. కొండమీద పొగను చూచి నిప్పున్నదని నిశ్చయించుట దీనికి శాస్త్రములోని ప్రసిద్ధోదాహరణము. బోధను పిల్లలకు కొండతో పనిలేదు. శక్కర్‌నగరు చక్కెర కర్మాగారపు పొగగొట్టమే చాలును. నల్లబల్లపై 1931 అనియు, దాని క్రింద 1937 అనియు వ్రాసితిని. మొదటిది సాగరము ముగిసిన యేడు, రెండవది నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైన యేడు. "ముందుది వెనుకకును, వెనుకది ముందుకును ఏల రాలేదు?" అని అడిగితిని. రైతుబిడ్డలు గనుక త్వరలోనే అందుకొనిరి. చెరకు ఏడాది పొడవున నీరు త్రాగు పైరు. కాలువ లేనిదే అంత చెరకు లేదు. నరికిన చెరకు నిలువయున్నకొలది తీపి తగ్గును. కావున కర్మాగారము తోటలకు దగ్గరనే యుండవలెను. కర్మాగారమున్నచోట కూలీలు, గుమాస్తాలు, వారికి ఇండ్లు, అంగడి, బడి యుండవలెను. ఈ విధముగ రెండు సంవత్సరముల అంకెలనుండి ఒక పట్టణము వారి మనస్సులలో లేచి నిలిచెను.

శక్కరు అను మాటను కూడ విప్పి చూపితిని. మన శర్కరయే పారసీకమున శకర్ అయి, అరబ్బులయొద్ద సుక్కర్ అయి, ఐరోపాకు పోయి షుగరైనది. ఆ పారసీకపు మాటయే ఉర్దూలో శక్కరై, తిరిగివచ్చి బోధను ప్రక్కన ఒక ఊరికి పేరైనది. ప్రపంచ చరిత్రకు ఇంతకంటె తీయని పాఠమేమున్నది?

అయితే అనుమానము సుఖమైన ప్రశ్నలకే కాదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన ఆ కర్మాగారము 2002లో ప్రయివేటు యాజమాన్యము చేతికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. పొగ లేదు, నిప్పు లేదు. కారణమేమని అడుగగా ఒకడు నీరు చాలలేదనెను. ఎగువన సింగూరులో ఆనకట్ట కట్టి హైదరాబాదునకు నీరు గొనిపోవుట వాడు వినియుండెను. ఒకడు ధర గిట్టలేదనెను. ఒకడు యాజమాన్యమును, మరియొకడు ప్రభుత్వమును నిందించెను. నాలుగును బల్లపై వ్రాయించితిని. ఏదియు తుడువనీయలేదు. ఒక కార్యమునకు ఒకే కారణమని తీర్మానించుకొనువాడు చరిత్ర విద్యార్థి కాడని మాత్రము చెప్పితిని.

మూడవది ఉపమానము. ఎరిగిన ఆవును చెప్పి ఎరుగని గవయమును గుర్తింపజేయుట. మంజీరను ఎరిగిన పిల్లలకు గోదావరి డెల్టాను ఈ రీతిగ చెప్పితిని. ధవళేశ్వరమున కాటను దొర 1847–52 నడుమ కట్టించిన ఆనకట్ట ఏటి నీటిని కాలువలకు మళ్లించునట్టిది. నిజాంసాగరో, నీటిని నిలువచేయునట్టిది. నిలువచేసినచోట ఒండ్రు కూడ నిలుచును. కట్టిననాడు దాదాపు 30 టి.యం.సీ. పట్టిన జలాశయము, ఒండ్రు పేరుకొని 12 టి.యం.సీ.కి లోపడినది, పిమ్మట ఎత్తు పెంచగా 18 టి.యం.సీ.కి చేరువైనది. ఈ పోలికవలననే మరియొక సంగతియు తేటపడును. కాలువ సేద్యమెరిగిన కోస్తా రైతులు అనేకులు సాగరము ముగిసిన పిదప ఈ ఆయకట్టునకు వలసవచ్చిరి. బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములలో ఊరిపేరు చివర "క్యాంపు" అని వినబడినచోట ఆ వలస కథయున్నది.

నాలుగవది శబ్దము, అనగా ఆప్తవాక్యము. ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు ఆప్తుడు. ఇక్కడనే, పెద్దలారా, మీతో నాకు పనియున్నది.

ఒక పర్యాయము ఇద్దరు వృద్ధులను బడికి పిలిచితిని. ఒకరి తండ్రి గోదావరి తీరమున ఉన్న కొద్దిపాటి నేల అమ్ముకొని వచ్చి, ముండ్లపొదలు కొట్టి, చలిజ్వరములతో పోరాడి మడి చేసినవాడు. రెండవవారి తాత, నీరు వచ్చిన నేల విలువ ఎంతకు పెరుగునో ఎరుగక చవుకగ అమ్మివేసి, అదే మడిలో కూలికి పోయినవాడు. ఇద్దరి మాటలును విని ఒక బాలుడు, "అయ్యవారూ, వీరిలో ఎవరిది నిజము?" అనెను. వృద్ధులిద్దరు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. నేను వెంటనే బదులు చెప్పలేదు. చివరకు మొదటి వృద్ధుడే, "ఆయన చెప్పినదియు నిజమే, నాయనా. మా యింట ఆ మాట ఎవరును చెప్పుకొనలేదు" అనెను. నా ఉద్యోగ కాలములో అంతటి పాఠము నేను చెప్పి యెరుగను.

ఆ వెనుక చెరకు నరకిన ఒక అవ్వను పిలిచితిమి. ఆమె చేతులు చాపి, ఆకు కోసిన గీతలు చూపెను. కర్మాగారమును గూర్చి ఏ గ్రంథము తెరచినను ప్రభువుల పేర్లు, ఇంజనీర్ల పేర్లు కనబడును. ఆమె పేరు కనబడదు. ఆనాడు పిల్లలు తమ నోటుపుస్తకములలో ఆమె పేరు వ్రాసికొనిరి.

కావున నా మనవి యిది. బడివారు పిలిచినప్పుడు పోవుడు. పిలువకున్న మీరే పోయి అడుగుడు. చెరకు తూకపు చీటీలు, శిస్తు రసీదులు, ఉర్దూలో వ్రాసిన పాత భూమి కాగితములు చెదలకు వదలకుడు. ఆ లిపి చదువనేర్చినవారు మీలో ఉన్నయెడల ఒక్క కాగితమైనను పిల్లలకు చదివి వినిపింపుడు. మీ వంశపు గొప్పతో పాటు మీ వంశమునకు కష్టమైన మాటయు చెప్పుడు. అప్పుడే మీ వాక్యము ఆప్తవాక్యమగును.

శక్కర్‌నగరు సైరను విని ప్రొద్దు గుర్తించిన తరము మనది. నేడు బడిలో కూర్చున్న పిల్లలకు ఆ కూత జ్ఞాపకము లేదు. చెరకు బండ్ల వరుస ఎంత దూరము నిలిచెడిదో, ఆ కాలమున గాలిలో ఏ వాసన వచ్చెడిదో వారికి చెప్పగలవారు మీరే. ఈ వారములోనే ఒక బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వాని పొలమునకు నీరెక్కడనుండి వచ్చునో అడిగి చూడుడు. వాడు తలవంచుకొన్నచో అక్కడనే పాఠము మొదలుపెట్టుడు.