జూనియర్ల ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీలు: పోటీల తీరు, వయసు లెక్క

పదిహేడు, పద్దెనిమిది సంవత్సరాల ప్రాయంలో ఉన్న బాలబాలికల కొరకు ప్రతి సంవత్సరం జరిగే అంతర్జాతీయ సైకిల్ పందెములే జూనియర్ ట్రాక్ సైక్లింగ్ ప్రపంచ పోటీలు. 1900లో పారిస్ నగరంలో ఏర్పడి, నేడు స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్ పట్టణం కేంద్రంగా పనిచేస్తున్న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య వీటిని నిర్వహిస్తున్నది. జూనియర్లకు ప్రత్యేకంగా ప్రపంచ పోటీలు మొదటిసారి 1975లో స్విట్జర్లాండ్‌లోనే లోజాన్ నగరంలో జరిగినవి. 2004లో జూనియర్ ట్రాక్ విజేతగా నిలిచిన వేల్స్ యువకుడు గెరాయింట్ థామస్, 2018లో ఫ్రాన్స్ దేశపు ప్రసిద్ధమైన రోడ్డు పందెం టూర్ ద ఫ్రాన్స్‌ను గెలుచుకున్నాడు. పెద్దల పోటీలలో పేరు తెచ్చుకున్న పలువురికి తొలి మెట్టు ఈ పోటీలే.

చంద్రపూర్ జిల్లా సరిహద్దు పల్లెలలో సైకిలు లేని ఇల్లు అరుదు. ఆ సైకిలునెక్కి బడికి వెళ్లే పిల్లలు ఇంతటి పోటీలకు చేరే మార్గమేది, ఆ మార్గంలో తల్లిదండ్రులు ముందుగా సరిచూసుకొనవలసినదేమి అన్న విషయాలు ఈ వ్యాసంలో క్రమంగా వివరించబడినవి.

పందెపు బాట, పందెపు సైకిలు

ట్రాక్ సైక్లింగ్ రోడ్డు మీద జరగదు. వెలోడ్రోమ్ అనే అండాకారపు బాట మీద జరుగుతుంది. ప్రపంచ పోటీల స్థాయి బాట ఒక చుట్టు 250 మీటర్లు. సాధారణంగా దీనిని చెక్క పలకలతో నిర్మిస్తారు. మలుపుల వద్ద బాట 40 డిగ్రీలకు పైగా ఏటవాలుగా లేచి ఉంటుంది. మిక్కిలి వేగంతో వచ్చే సైకిలు సమతలమైన మలుపులో బయటకు జారిపోతుంది. ఆ జారుడును ఆపుటకే ఈ ఏటవాలు. లోపలి అంచున నీలి పట్టీ, దాని పైన దూరమును కొలిచే నల్ల గీత, ఇంకను పైన ఎర్ర గీత, మరొక నీలి గీత ఉంటవి.

ఈ సైకిలుకు బ్రేకులు ఉండవు, గేర్లు మార్చే ఏర్పాటు ఉండదు. ఫ్రీవీలు కూడ లేనందున వెనుక చక్రం తిరుగుతున్నంతసేపు పెడలు తిరుగుతూనే ఉంటుంది. వేగం తగ్గించవలెనన్న కాళ్లతో పెడలును వెనుకకు అదిమి పట్టవలెను. అందువలన శిక్షకుని పర్యవేక్షణ లేకుండ ఈ సైకిలును ఊరి రోడ్ల మీద తొక్కుట ప్రమాదకరము.

ముఖ్యమైన పందెములు

స్ప్రింట్: ఇద్దరు ముఖాముఖి తలపడతారు. ఆరంభంలో నెమ్మదిగా సాగుతూ ఒకరినొకరు కనిపెట్టుకొని, చివరలో ఒక్కసారిగా దూకుతారు. బలముతో పాటు యుక్తి కూడ ఇందులో అవసరము.

టీమ్ స్ప్రింట్: ముగ్గురు సభ్యుల జట్టు మూడు చుట్లు తిరుగుతుంది. మొదటివాడు ఒక చుట్టు ముందుండి గాలికి ఎదురు నిలిచి, మిగిలిన ఇద్దరిని లాగుకొనిపోయి తప్పుకుంటాడు. రెండవవాడు రెండవ చుట్టు లాగి తప్పుకుంటాడు. మూడవవాడు గీత దాటిన క్షణమే జట్టు సమయము.

కేరిన్: 1948లో జపాన్‌లోని కోకురా నగరంలో పుట్టిన పందెము. చిన్న మోటారు బండి ముందు నడిచి వేగాన్ని క్రమంగా పెంచుతుంది. ఇంక మూడు చుట్లు ఉండగా అది బాట నుండి తొలగిపోతుంది. ఆ తరువాతనే అసలు పోరు.

వీటితో పాటు కాలంతో పోటీపడే టైమ్ ట్రయల్, ఎదురెదురు వైపుల నుండి బయలుదేరే పర్స్యూట్, అందరు కలిసి తిరిగే స్క్రాచ్, పాయింట్ల పందెము, నాలుగు పందెముల మొత్తంతో విజేతను తేల్చే ఓమ్నియం, ఇద్దరేసి జతగా సాగే మాడిసన్ కూడ ఉన్నవి.

వయసు లెక్క

ఈ పోటీలలో వయసును పుట్టిన తేదీని బట్టి కాక పుట్టిన సంవత్సరమును బట్టి లెక్కిస్తారు. ఆ సంవత్సరంలో 17 గాని, 18 గాని నిండేవారు జూనియర్లు. కనుక 2008లో పుట్టినవారికి 2025, 2026 సంవత్సరములు జూనియర్ సంవత్సరములు. 2008 డిసెంబరు 31న పుట్టిన బాలునికి, మరునాడే అనగా 2009 జనవరి 1న పుట్టిన బాలునికి నడుమ ఒక్క రోజే తేడా. అయినను రెండవవానికి అవకాశం 2026, 2027 సంవత్సరములలో వస్తుంది.

ప్రతి బాలునికి, బాలికకు లభించేది రెండే సంవత్సరములు. పోయిన సంవత్సరం తిరిగి రాదు. కరోనా మూలంగా 2020లో ఈ పోటీలు జరగలేదు. ఆ సంవత్సరంలో 18 నిండినవారు ఎంత సాధన చేసియున్నను, మరుసటి సంవత్సరం జూనియర్లుగా నిలువలేకపోయినారు.

భారత జట్టు సాధించినది

మన దేశపు సైక్లింగ్ సమాఖ్య 1946లో ఏర్పడినది. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత మరి ఏ ఒలింపిక్స్‌లోను భారత సైక్లిస్టు పాల్గొనలేదు. ఇటువంటి స్థితిలో ముందడుగు వేసినది జూనియర్లే. 2018 ఆగస్టులో ఏగ్ల్‌లో జరిగిన పోటీలలో అండమాన్ నికోబార్ దీవులకు చెందిన ఎసో ఆల్బన్ కేరిన్‌లో రజత పతకం సాధించినాడు. స్వర్ణం 0.017 సెకను తేడాతో చేజారినది. ప్రపంచ పోటీలలో భారత సైక్లింగ్‌కు అదే తొలి పతకము. మరుసటి సంవత్సరం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్) నగరంలో ఎసో ఆల్బన్, మణిపూర్ యువకులు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కూడిన జట్టు టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచినది. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీలలో రొనాల్డో సింగ్ పెద్దల స్ప్రింట్‌లో రజతం పొందినాడు.

ఈ యువకుల ఊళ్లు రాజధానికి ఎంత దూరమో గమనించదగినది. ఒకటి సముద్రం నడుమ దీవులు, మరొకటి ఈశాన్య సరిహద్దు రాష్ట్రం. దూరపు ఊరు వారికి అడ్డు కాలేదు. సకాలంలో గుర్తింపు, శిక్షణ లభించుటయే వారిని ముందుకు నడిపినది.

పుట్టిన తేదీ పత్రము

సరిహద్దు కుటుంబములు మిక్కిలి శ్రద్ధ వహించవలసినది ఇక్కడనే. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు బడిలో చేర్చునపుడు జూన్ 1 అని వ్రాసే అలవాటు మన ప్రాంతంలో చాల కాలం సాగినది. తేదీ మారినంత మాత్రాన ఈ పోటీలకు ఇబ్బంది లేదు గాని, సంవత్సరం మారితే ఒక జూనియర్ సంవత్సరం గల్లంతగును. జివతి తాలూకాలోని 14 గ్రామములలో రెండు రాష్ట్రాల వోటరు, రేషన్ కార్డులు కలిగిన కుటుంబములున్నవి. ఇటువంటి చోట్ల ఒక రాష్ట్రపు పత్రంలో ఒక సంవత్సరం, రెండవ రాష్ట్రపు పత్రంలో మరొక సంవత్సరం పడే అవకాశం ఎక్కువ. ఎంపిక వేళ ఇటువంటి తేడా బయటపడితే బిడ్డ ప్రతిభ కంటె ముందు పత్రమే ప్రశ్నకు గురియగును.

1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం జననమును 21 రోజులలోగా నమోదు చేయించవలెను. ఒక సంవత్సరం దాటిన పిమ్మట నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరిక వంటి పనులలో పుట్టిన తేదీకి, స్థలమునకు జనన ధ్రువపత్రమే ఆధారము. వయసు తగ్గించి వ్రాయించుట లాభమని భావించుట పొరపాటు. అనుమానం కలిగినచో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను పరీక్షిస్తారు. మోసం రుజువైతే నిషేధం తప్పదు.

ఆరంభం ఎక్కడ

జాతీయ పోటీలలో జూనియర్లకు దిగువన సబ్-జూనియర్ విభాగములున్నవి. పదిహేడవ ఏట ప్రపంచ పోటీలకు చేరవలెనన్న పదమూడు, పద్నాలుగేళ్లకే శిక్షణ ఆరంభం కావలెను. 250 మీటర్ల చెక్క బాట గల ఇందిరాగాంధీ వెలోడ్రోమ్ ఢిల్లీలో ఉన్నది. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను, పుణె బాలేవాడిలోను ఆరుబయలు వెలోడ్రోములున్నవి. బల్లార్షా స్టేషనులో రైలెక్కినవారికి ఒక దిక్కున ఢిల్లీ, మరొక దిక్కున హైదరాబాద్ నేరుగా అందును.

మొదటి దశలో ఖరీదైన సైకిలు కొననక్కరలేదు. బడి వ్యాయామ ఉపాధ్యాయునితో మాట్లాడి, జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో ఎంపికల తేదీలు తెలుసుకొనుట చాలును. మానవ వికాస కార్యక్రమం కింద బడి సైకిలు పొందిన బాలికలను కూడ తల్లిదండ్రులు ఈ ఎంపికలకు పంపవలెను.

ఒక సంగతి మరువరాదు. జూనియర్ సంవత్సరములు పదకొండు, పన్నెండు తరగతుల పరీక్షా కాలంతో కలిసి వస్తవి. పతకం అందరికీ రాదు, చదువు అందరికీ కావలెను. కనుక చదువు సాగే వసతి గల శిక్షణ కేంద్రమునే ఎంచుకొనవలెను. బిడ్డ పదమూడవ ఏటికి చేరునాటికి జనన ధ్రువపత్రం, బడి దాఖలా, ఆధార్ కార్డు మూడింటిని ఒకచోట పెట్టి సంవత్సరం సరిపోలినదో లేదో చూచుకొనవలెను. తేడా ఉన్నచో పదవ తరగతి ధ్రువపత్రం రాకముందే సరిచేయించుట మేలు.