ఔత్సాహిక తరంగములు, విద్యార్థి ఉపగ్రహములు

1966వ సంవత్సరమున మెల్బోర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందఱు, వాతావరణ ఉపగ్రహములు పంపుచున్న చిత్రములను స్వయముగా గ్రహించి చూచుటకు అలవాటుపడినవారు, పరులు నిర్మించినవానిని ఆలకించుటతో తృప్తి నొందక, తామే యొక ఉపగ్రహమును నిర్మింపఁ బూనుకొనిరి. వడ్రంగులు కొలతలకు వాడు ఉక్కుటేపును కత్తిరించి దానికి ఆంటెనాలుగా అమర్చిరి. సౌరఫలకములు లేకయే కేవలము బ్యాటరీలతో దానికి ప్రాణము పోసిరి. మఱుసటి యేటికే అది సిద్ధమైనను, మోసికొనిపోవు రాకెట్టు లేక, 1969లో వాషింగ్టను ప్రాంతపు ఔత్సాహిక రేడియో ప్రసారకులగు హామ్‌లు ఆమ్‌శాట్ అను సంస్థను నెలకొల్పి ఆ భారమును స్వీకరించువఱకు భూమిమీఁదనే నిలిచిపోయినది. తుదకు 1970 జనవరి 23న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుండి ఒక అమెరికా వాతావరణ ఉపగ్రహమునకు తోడుగా పైకెగసి, ఆస్ట్రాలిస్-ఆస్కార్ 5 అను పేర ప్రసిద్ధి కెక్కినది.

దాని బ్యాటరీలు రెండు మాసములైనను నిండకమునుపే క్షీణించినవి. అయినను చరిత్రలో దానికొక విశిష్టస్థానము కలదు. అంతకుముందు 1961 డిసెంబరు 12న కక్ష్య చేరిన ఔత్సాహికుల ఉపగ్రహము ఆస్కార్ 1, మోర్స్ సంకేతములలో "హెచ్, ఐ" అను రెండక్షరముల పలకరింపును ఎడతెగక వినిపించుచు, ఇరువది యెనిమిది దేశముల ఔత్సాహికులకు ఆనందము కలిగించినదే గాని, దానిని మౌనము వహింపుమని ఆజ్ఞాపించుటకు భూమిపై నెవ్వరికిని సాధ్యము కాదు. మెల్బోర్న్ విద్యార్థుల ఉపగ్రహమునందో, 29 మెగాహెర్ట్జ్ ప్రసారమును నేలనుండి ఆపుటకును, తిరిగి పలికించుటకును వీలుండెను. హామ్‌ల ఉపగ్రహములలో ఇట్టి విధేయత దానితోనే ఆరంభమైనది. ఉపగ్రహమును పలికించుటకంటె దానిని నిలుపగలుగుటయే గొప్ప విద్య యని నేను తలంచుచున్నాను. ఏలయన, తరువాతి నియమములలో మిక్కిలి ముఖ్యమైనదానికి ఈ సామర్థ్యమే ఆధారమైనది.

1971లో జెనీవాయందు అంతరిక్ష ప్రసారముల నిమిత్తము సమావేశమైన దేశములు ఔత్సాహిక ఉపగ్రహ సేవను ప్రత్యేకముగా గుర్తించి, 435 మొదలు 438 మెగాహెర్ట్జ్ వఱకుఁ గల సీమను, ఇతరులకు అంతరాయము కలిగింపరాదను కట్టడితో, దానికి అనుమతించినవి. 2003లో అదే నగరమున సవరింపఁబడిన నియమావళి ప్రకారము, ఉపగ్రహమువలన హానికరమైన అంతరాయము కలిగినచో దానిని తత్క్షణమే ఆపుటకు చాలినన్ని ఆజ్ఞాకేంద్రములు ప్రయోగమునకు ముందే నెలకొని యుండవలెను. అట్లే, దేశదేశముల హామ్‌ల నడుమ సాగు ప్రసారముల అర్థమును గూఢలిపితో మఱుఁగుపఱుపరాదు. ఉపగ్రహమునకు పంపు ఆజ్ఞలకు మాత్రమే మినహాయింపు. ఊరుమ్మడి చెఱువు నీరు త్రాగువాఁడు దానికి గట్టు కట్టుకొని తనదని యనరాదు గదా!

అన్నిటికంటె చిక్కైనది ధనమునకు సంబంధించిన నిబంధన. స్వయంశిక్షణమునకును, పరస్పర సంభాషణమునకును, సాంకేతిక పరిశోధనమునకును, కేవలము స్వీయాసక్తితో, ధనలాభాపేక్ష లేక రేడియోను అభ్యసించువాఁడే ఔత్సాహికుఁడని అంతర్జాతీయ నిర్వచనము. 1981లో ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయము తన తొలి ఉపగ్రహమును పంపినప్పుడు ఈ మాట ఎవరికిని పెద్ద అడ్డంకిగా తోఁచలేదు. అట్టి ప్రయత్నములు అప్పటికి వ్రేళ్లపై లెక్కింపఁదగినవి. 1999లో కాలిఫోర్నియాకు చెందిన పూయిగ్-స్వారి, ట్విగ్స్ అను ఆచార్యులు పది సెంటీమీటర్ల ఘనాకృతిని ఉపగ్రహములకు ప్రమాణముగా ప్రతిపాదింపఁగా, 2003 జూన్ 30న అట్టివి మొదటిసారిగా రష్యాలోని ప్లెసెట్స్క్ నుండి కక్ష్య చేరినపిమ్మట, కళాశాలలు వరుసలు కట్టినవి. అప్పుడు ప్రశ్నలు పుట్టినవి: జీతము గొను ఆచార్యుఁడు నడపు కేంద్రము ఔత్సాహికమగునా? దాత కోరిన పరికరమును పరీక్షించుట స్వీయాసక్తి యగునా? తరగతి బోధనలో భాగముగా కేంద్రమును నడపు ఉపాధ్యాయుఁడు వేతనము పొందుటకు అమెరికా నియమములు అంగీకరించినవి. ఆ మినహాయింపు బోధనకే గాని, ఇతరులకై చేయు కొలతల సేకరణమునకు వర్తింపదు. ఈ భేదమును కొందఱు సూక్ష్మవాదమని త్రోసివేసిరి. నా మనస్సుకు మాత్రము అది న్యాయముగనే తోఁచుచున్నది: నేర్చుకొనుటకై ఉచితముగా లభించిన సీమను వేఱు పనులకు వాడుట, దానిని దశాబ్దములుగా కాపాడినవారికి చేయు అపచారము.

మన ప్రాంతమునకును ఈ కథలో పాలు కలదు. 2005 మే 5న శ్రీహరికోటనుండి ఔత్సాహికుల ఉపగ్రహమగు హామ్‌శాట్ వెడలినది. 2010 జూలై 12న అచ్చటినుండియే, హైదరాబాదు, బెంగుళూరు నగరముల ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు కూడి నిర్మించిన, కిలో బరువైనను లేని స్టడ్‌శాట్ కక్ష్య చేరి, పైఁ జెప్పిన 435–438 సీమలోనే తన సంకేతములను వినిపించినది.

విద్యార్థి ఉపగ్రహములన్నియు ఒకే సీమపై బడుటచే కలిగిన ఒత్తిడికి 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన దేశముల రేడియో సమావేశమున కొంత ఉపశమనము లభించినది. మూఁడేండ్లకు మించని స్వల్పకాలిక ఉపగ్రహముల ఆజ్ఞలకు 148 మొదలు 149.9 మెగాహెర్ట్జ్ వఱకును, అవి తిరిగి పంపు సమాచారమునకు 137, 138 మెగాహెర్ట్జ్‌ల నడుమను ఆ సమావేశము చోటు చూపినది. కావున ఔత్సాహిక లక్షణము లేని ప్రయోగమును తలపెట్టిన విశ్వవిద్యాలయము, హామ్‌ల తలుపు తట్టకయే తన మార్గమున తాను పోవచ్చును; ఆ తలుపే తట్టఁదలఁచినచో, తన సంకేతముల స్వరూపమును ముందుగనే లోకమునకు వెల్లడించి, మూఁతపెట్టని మాటతో రావలసియుండును.