స్పార్క్ ప్లగ్ కథ: అభ్రకం నుంచి ఇరిడియం దాకా

ఈ ఎపిసోడ్ నేను బాగా భయపడిన ఒక రోజు నుంచి మొదలవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నా 150 సీసీ బైక్‌కి "రేసింగ్ ప్లగ్" ఒకటి వేయించా. పేరు చూసి కొన్నా, అంతే. రెండు వారాలు మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ట్రాఫిక్‌లోనే తిరిగా. మూడో వారం తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని విజయవాడ హైవే మీదకి వెళ్ళాం. లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ తిప్పానో లేదో, ఇంజిన్ టప్ టప్‌మని తడబడింది. బండిలో ఊపు పోయింది. పక్కన లారీ, వెనక బస్సు హారన్. ఎలాగో పక్కకి లాగి ఆపా. తమ్ముడు కాసేపు ఏం మాట్లాడలేదు.

దగ్గర్లోని మెకానిక్ ప్లగ్ విప్పి చూపించాడు. నల్లగా మసి. "అన్నా, ఇది నీ బండికి మరీ చల్లది" అన్నాడు. నిప్పు పుట్టించే వస్తువు చల్లగా ఉండటమేంటి? బీటెక్ చదివిన నాకు అర్థం కాలేదు. జవాబు వెతుక్కుంటూ వెళ్తే వందేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

1860లో ఎతియెన్ లెన్వార్ పారిస్‌లో తన గ్యాస్ ఇంజిన్‌ని విద్యుత్ నిప్పురవ్వతో నడిపాడు. కానీ వేగంగా తిరిగే పెట్రోల్ ఇంజిన్‌లో ఆ రవ్వ ప్రతిసారీ సరైన క్షణానికి పడటమే పెద్ద తలనొప్పి. 1902లో బాష్ కంపెనీ ఇంజినీర్ గాట్లోబ్ హోనోల్డ్ హై వోల్టేజ్ మాగ్నెటోని, దానికి తగ్గ స్పార్క్ ప్లగ్‌ని తెచ్చాడు. ఇంజిన్ల స్పీడ్‌కి ఇక దారి దొరికింది.

ఆ పని ఎంత కష్టమో ఒక్క లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 6000 సార్లు తిరిగితే, ఒక్కో ప్లగ్ సెకనుకి 50 సార్లు వెలగాలి. అందులో కొన్ని తప్పినా బండి తడబడుతుంది. మిస్‌ఫైర్ అంటే ఇదే.

స్పీడ్ పెరిగాక కొత్త సమస్య వచ్చింది. ప్లగ్ మధ్యలో ఉండే పింగాణీ రేసుల వేడికి, అదురుకి పగిలిపోయేది. కెనెల్మ్ లీ గిన్నెస్ అనే బ్రిటిష్ రేసర్ దీంతో విసిగిపోయి, 1912 ప్రాంతంలో తన ప్లగ్‌లు తనే చేసుకోవడం మొదలుపెట్టాడు. లండన్ పక్కన పట్నీ వేల్‌లో, ఒక పాత పబ్బు భవనంలో! తన పేరులోని మూడు అక్షరాలతోనే కేఎల్‌జీ బ్రాండ్ పెట్టాడు. 1922లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై సన్‌బీమ్ కారుని గంటకి సుమారు 215 కిలోమీటర్ల వేగంతో నడిపి ప్రపంచ రికార్డు కొట్టిందీ ఇతనే.

పింగాణీ బదులు ఆయన వాడింది మైకా, అంటే మన అభ్రకం. పల్చటి రేకులుగా ఊడుతుంది, వేడికి తట్టుకుంటుంది, కరెంటుని ఆపుతుంది. ఆ రోజుల్లో ప్రపంచానికి రేకు అభ్రకం ఎక్కువగా ఇచ్చింది మన దేశమే. ఒకటి కోడెర్మా ప్రాంతం, ఇంకొకటి ఆనాటి మన నెల్లూరు జిల్లా గూడూరు చుట్టుపక్కల గనులు. ఏ ప్లగ్‌లో ఏ గని అభ్రకం ఉందో చెప్పలేం కానీ, గూడూరు నేల మీద మెరిసే ఆ రేకుల జాతి వస్తువే అప్పటి రేసింగ్ ఇంజిన్లను నడిపిందంటే నాకు భలే అనిపించింది.

అభ్రకం రోజులూ ఎక్కువ కాలం సాగలేదు. 1921లో థామస్ మిడ్‌గ్లీ బృందం పెట్రోల్‌లో సీసం కలిపితే ఇంజిన్ నాకింగ్ తగ్గుతుందని కనిపెట్టింది. దాంతో పవర్ పెంచుకోవచ్చు. కానీ ఆ సీసం ప్లగ్‌ల మీద పేరుకుని, అభ్రకాన్ని తినేసేది. 1930లలో విమాన ఇంజిన్ల కోసం అల్యూమినా పింగాణీ వచ్చింది. ఈరోజు మీ బండి ప్లగ్‌లో తెల్లగా కనిపించేది అదే.

గమనించారా? పవర్ పెరిగిన ప్రతిసారీ ముందు ఓడిపోయింది ప్లగ్. ప్రతిసారీ అడ్డొచ్చింది వేడి, మసి.

ఇప్పుడు మెకానిక్ మాటకి వద్దాం. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీల పైన ఉంటేనే దాని మీద మసి కాలిపోతుంది. 850 దాటితే ఆ కొనే నిప్పుకణికై, స్పార్క్ రాకముందే పెట్రోల్‌ని అంటిస్తుంది. అప్పుడు పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. వేడిని త్వరగా బయటికి పంపేది చల్లటి ప్లగ్. నిదానంగా పంపేది వేడి ప్లగ్. స్పార్క్ బలానికీ దీనికీ సంబంధం లేదు. నా రేసింగ్ ప్లగ్ ట్రాఫిక్‌లో 450కి చేరనే లేదు. మసి పట్టింది. మసి గుండా కరెంటు జారిపోయింది. స్పార్క్ గ్యాప్ దూకలేదు.

కాబట్టి ప్లగ్ కొనేముందు బండి మాన్యువల్‌లో ఉన్న నంబరే మొదట చూడండి. కంప్రెషన్ పెంచినా, టర్బో పెట్టినా ట్యూనర్‌ని అడిగి ఒక్క మెట్టు చల్లటిది వేయండి. ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే చల్లన, బాష్‌లో నంబర్ పెరిగితే వేడి. ఇక్కడే చాలామంది పొరబడతారు. టర్బో ఒత్తిడిలో స్పార్క్ దూకడం కష్టం, అందుకే అక్కడ గ్యాప్ కాస్త తగ్గిస్తారు. ఇరిడియం కొన సన్నగా ఉంటుంది కాబట్టి తక్కువ వోల్టేజ్‌కే స్పార్క్ వస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది. కానీ హీట్ రేంజ్ తప్పయితే ఇరిడియం కూడా కాపాడదు.

విప్పిన ప్లగ్‌ని పారేసేముందు ఒకసారి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టే. పొడి మసి ఉంటే ప్లగ్ చల్లదైనా కావాలి, పెట్రోల్ ఎక్కువైనా పడుతుండాలి. తెల్లగా పొక్కులొస్తే వేడి ఎక్కువైనట్టు. ప్లగ్ బాగానే ఉండి కూడా తడబడుతుంటే కాయిల్, ప్లగ్ క్యాప్ చూపించండి.

ఆ రోజు మెకానిక్ పాత నంబర్ ప్లగ్ వేశాడు. బండి ఒక్క కిక్‌కే స్టార్టయింది. ఆ నల్లబడ్డ ప్లగ్ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. పేరు చూసి ఏదైనా కొనబోయినప్పుడల్లా దానివైపు ఒకసారి చూస్తా. మళ్ళీ కలుద్దాం.