బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు



కుక్క కరిచిందనగానే మన ఇళ్లల్లో ఈనాటికీ వినిపించే మాట, "అమ్మో, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు!" అని. ఆ సూదులు పోయి ఇరవై ఏళ్లు దాటింది గాని, మాట మాత్రం పోలేదు. ఇవాళ ఆ సూదుల కథే చెబుతాను. ఇది కుక్కకాటుతో ఆగిపోయే కథ కాదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అని ఒక నరాల జబ్బు ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువగా, అదీ ఇరవై నలభై ఏళ్ల మధ్య, పిల్లల్ని పెంచుకునే వయసులో వస్తుంది. దాని గుట్టు డాక్టర్లకు అందడానికి ఈ సూదులే దారి చూపాయంటే నమ్ముతారా?

మాది చేవెళ్ల వైపు. నేను ఐదో తరగతిలో ఉండగా మా మేనత్తను మొయినాబాదు దగ్గర పిచ్చికుక్క కరిచింది. పాపం, పొద్దున్నే సద్ది కట్టుకుని, మర్రిచెట్ల రోడ్డున బస్సులో మెహదీపట్నం, అక్కడ దిగి ఇంకో బస్సు. అట్లా పద్నాలుగు రోజులు తిరిగింది. రోజుకొక సూది, పొట్టమీద. ఐదారు పడేసరికి పొట్టంతా గడ్డలు కట్టి, కుచ్చిళ్లు దోపుకోవడానికి కూడా వీల్లేకపోయింది. "ఇంతకీ ఆ మందులో ఏముంటదే?" అని అందర్నీ అడిగేది. ఎవరికీ తెలీదు. పదో తరగతితో చదువు ఆగిన నేను, రేడియో ప్రసంగాల కోసం పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టాక తెలుసుకున్నాను. అందులో ఉన్నది గొర్రె మెదడు!

గొర్రె మెదడెందుకంటారా? పిచ్చికుక్క విషక్రిమి నరాల్లో పెరుగుతుంది. అందుకని 1885 జూలైలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇచ్చిన మందు కూడా, ఆ జబ్బు తగిలిన కుందేలు వెన్నుపామును ఆరబెట్టి చేసినదే. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కసౌలిలో ఉన్న డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు 1911లో సులువైన పద్ధతి కనిపెట్టాడు. జంతువు మెదడులో క్రిమిని పెంచి, కార్బాలిక్ ఆమ్లంతో చంపి, ఆ ద్రవాన్నే సూదిమందుగా ఇవ్వడం. చవక, నిలవ ఉంటుంది, ఊరూరికీ పంపవచ్చు. మన హైదరాబాదులో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలోనూ గొర్రె మెదడు మందు తయారయ్యేది. పిచ్చికుక్క జబ్బు బయటపడితే చావే కాబట్టి, ఆ సూదులు ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో లెక్క కట్టలేం.

అయితే కొందరికి సూదులు మొదలైన రెండు మూడు వారాల్లో కాళ్లు చచ్చుబడేవి, మూత్రం బిగిసేది, చూపు మందగించేది. ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. ఒకచోట కొన్ని వేలమందిలో ఒకరికి, మరోచోట కొన్ని వందల్లోనే ఒకరికి. మొదట్లో కుక్క విషమే తలకెక్కిందనుకున్నారు. కాదు. అసలు సంగతి ఏమిటంటే, మన నరాలమీద కరెంటు తీగకు రబ్బరు తొడుగులాగా మైలిన్ అనే పొర ఉంటుంది. గొర్రెకూ ఉంటుంది. మందుతోపాటు గొర్రె మైలిన్ మన ఒంట్లోకి వెళితే, ఒంటిని కాపాడే రోగనిరోధక శక్తి దాన్ని శత్రువనుకుని తరుముతుంది. తరిమి తరిమి, అదే పోలికతో ఉన్న మన సొంత తొడుగు మీద కూడా పడుతుంది. కాపలావాడు ఇంటాయన్నే దొంగనుకుని కొట్టినట్టు!

ఇది నిజమా అని న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ పరీక్ష పెట్టాడు. 1930ల్లో కోతులకు ఏ క్రిమీ లేని ఉత్త మెదడు పదార్థాన్ని పదేపదే సూదిగా ఇచ్చాడు. వాటిలోనూ కొన్నిటికి కాళ్లు పడిపోయాయి, మైలిన్ ఊడిపోయింది. క్రిమి తప్పేమీ లేదన్నమాట! అప్పుడు డాక్టర్లకు పాత జబ్బు ఒకటి గుర్తుకొచ్చింది. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు చూసి వివరించిన జబ్బు, అదే మల్టిపుల్ స్క్లీరోసిస్. అక్కడా మైలినే పోతుంది. రెండూ ఒకటే జబ్బని అనుకోకండి. సూదివల్ల వచ్చేది సాధారణంగా ఒక్కసారి వస్తుంది. ఇది చాలామందిలో తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంది. కాని దాయాదులు.

ఇక్కడ ఒక ఆడమనిషి సంగతి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రూత్ ఆర్నన్, ద్వోరా టైటెల్‌బామ్, మైకేల్ సేలా కలిసి, మైలిన్ పోలికతో ఒక కృత్రిమ పదార్థం చేశారు. అది జంతువులకు ఆ జబ్బు తెప్పిస్తుందేమో చూద్దామని వాళ్ల ఉద్దేశం. తీరా చూస్తే జబ్బును అణిచింది! ఆ ఫలితం 1971లో అచ్చయింది. మందుగా అమెరికా ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1996. పాతికేళ్లు! ఆమె ఓపికకు దణ్ణం పెట్టాలి. 1993లో ఇంటర్‌ఫెరాన్ సూది, 2017లో ఆరునెలలకోసారి ఎక్కించే ఓక్రెలిజుమాబ్ వచ్చాయి. ఇవి జబ్బును పూర్తిగా పోగొట్టవు. మళ్లీ మళ్లీ రాకుండా తగ్గిస్తాయి. కొన్నింటి ధర వింటే మాత్రం గుండె జారుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును చేర్చారు కాబట్టి సర్టిఫికెట్ అడిగే హక్కుంది, మరచిపోకండి. ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారడం, కాళ్లు మొద్దుబారడం, నడకలో తూలడం రోజుల తరబడి ఉంటే "నీరసంలే, టీ తాగితే పోతుంది" అని సరిపెట్టుకునేది మనమే. నరాల డాక్టరుకు చూపించుకోవాలి.

మన దేశంలో గొర్రె మెదడు మందు తయారీ 2004 చివరితో ఆగింది. ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ఇరవై ఏళ్ల ముందునుంచీ చెబుతూనే ఉంది, ఎందుకంత ఆలస్యమో! ఇప్పటి మందును ప్రయోగశాలలో పెంచిన కణాలమీద తయారుచేస్తారు. చేవెళ్ల నుంచి నగరానికి వచ్చే దారికి కాస్త పక్కన, గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వాళ్లదీ అలాంటిదే. నాలుగైదు సార్లు, భుజానికి. అంతే. చేవెళ్లలో, మొయినాబాదులో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆసుపత్రులే ఉన్నాయి. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే వెళ్లండి. పాత సూదుల భయంతో పసరు కట్టుకుని కూర్చోవద్దు.

ఇంతకీ మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో ఆ కాపలావాణ్ణి తప్పుదారి పట్టించేది ఎవరు? అందులో గొర్రె మెదడు లేదు కదా! 2022లో అమెరికాలో కోటిమంది సైనికోద్యోగుల రికార్డులు చూశారు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరసు సోకినాక ఈ జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగిందని తేలింది. అది ఎంగిలితో అంటుకునే వైరసు. ఏదో ఒక వయసులో దాదాపు అందరికీ సోకుతుంది, ఎవరికో గాని జబ్బు రాదు. అదే ఏడు ఇంకొందరు పరిశోధకులు, ఆ వైరసులోని ఒక ప్రొటీను మన మెదడులోని ఒక ప్రొటీనును పోలి ఉందని చూపించారు. మళ్లీ పోలికే! ఆ వైరసు సోకకుండా టీకా తయారుచెయ్యాలని ఇప్పుడు ప్రయత్నాలు సాగుతున్నాయి.